వెళ్ళిపోయేవాళ్ళ మాన్యువల్, ఉండిపోయేవాళ్ళ రూటర్

బెంగళూరులో అద్దె అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. కొందరు పొడిగించుకుంటారు, కొందరు కంపెనీ మారో ఏరియా మారో వెళ్ళిపోతారు. మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ లాంటి తెలుగు బాగా వినిపించే చోట్ల నెలాఖరు వచ్చిందంటే మంచాలూ వాషింగ్ మెషీన్లూ ఎక్కించుకుని బయల్దేరే టెంపోలు కనిపిస్తూనే ఉంటాయి. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఇనుప పైపుకి బిగించిన రూటర్ మాత్రం ఏ టెంపో ఎక్కదు. బిగించిన కుర్రాడు వెళ్ళిపోయినా అది అక్కడే ఉంటుంది. దాన్ని ఎలా చూసుకోవాలో అతను రాసిపెట్టిన పేజీలు కూడా ఎక్కడో ఉంటాయి. చిక్కంతా ఆ పేజీలు ఎవరిని మనసులో పెట్టుకుని రాసినవి అన్న దగ్గరే మొదలవుతుంది.

ఈ రూటర్ కంపెనీ వేసిన బ్రాడ్‌బ్యాండ్‌ది కాదు. నాలుగైదు ఇళ్ళవాళ్ళో, ఒక వీధివాళ్ళో, ఒక పల్లెవాళ్ళో కలిసి తామే రూటర్లు కొనుక్కుని, వాటిలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒక మేడ మీది నుంచి ఇంకో మేడకు సిగ్నల్ అందేలా అమర్చుకునే నెట్‌వర్క్‌లో అదొక భాగం. ప్రతి రూటరూ పక్క రూటర్‌తో మాట్లాడుతుంది. ఒకటి ఆగితే డేటా ఇంకో దారి వెతుక్కుంటుంది. దీన్నే మెష్ అంటారు. అందరూ కలిసి ఒక ఇంటర్నెట్ లైను పంచుకోవచ్చు. ఇంటర్నెట్ అసలు లేకుండా పిల్లల పాఠాలు, పాటలు, వీధి కబుర్లు ఒక చిన్న కంప్యూటర్‌లో పెట్టుకుని కూడా వాడుకోవచ్చు. చెడిపోతే ఫోన్ చేయడానికి కస్టమర్ కేర్ నంబరు ఉండదు. రాసిపెట్టిందే దిక్కు.

ఇలాంటి నెట్‌వర్క్‌కి కావలసిన సామాను ఎప్పుడో చేతికొచ్చింది. 2002 చివర్లో మార్కెట్‌లోకి వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టి54జి అనే రూటర్ లోపల లైనక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉందని తేలింది. లైనక్స్ లైసెన్సు ప్రకారం దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామ్ అసలు రాతను, 2003లో బయటపెట్టాల్సి వచ్చింది. ఆ కోడ్ పునాదిగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే, రూటర్లలో ఎక్కించుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మొదలైంది. అదే ఏడాది స్పెయిన్‌లోని కాటలోనియా పల్లెల్లో మొదలైన గీఫీ.నెట్ అనే జనం నెట్‌వర్క్ తర్వాత 30 వేలు దాటిన నోడ్‌లతో, అంటే కలిసే చోట్లతో, విస్తరించింది. మన దేశంలో వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005 జనవరిలో అనుమతి ఇచ్చారు. 5 గిగాహెర్ట్జ్‌ను ఆరుబయట వాడుకోవడానికి 2018లో దారి తెరిచారు. హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల కొండల్లో ఎయిర్‌జల్దీ అనే వైర్‌లెస్ నెట్‌వర్క్ సంస్థ 2005లోనే పని మొదలుపెట్టింది. సామాను ఉంది, అనుమతీ ఉంది. ఆ పని తెలిసినవాళ్ళ నుంచి తెలియనివాళ్ళకు ఎలా చేరుతుందన్నదే ఇంకా తేలలేదు.

దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లోని మన్‌కోసిలో ఊరివాళ్ళే సహకార సంఘం పెట్టి నడుపుకుంటున్న నెట్‌వర్క్ ఒకటుంది. పేరు జెంజెలెని. వాళ్ళ ఖోసా భాషలో ఆ మాటకు ‘మీకు మీరే చేసుకోండి’ అని అర్థం. అది నలుగురిని ఉద్దేశించి చెప్పిన మాట. సొంతంగా నెట్‌వర్క్ కట్టుకోవడం గురించి వచ్చే మాన్యువల్స్ మాత్రం ఎక్కువ భాగం ఒక్క మనిషి కోసం రాసినట్టుంటాయి. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చుని, ఇంగ్లిష్ చదవగలిగి, నల్ల తెర మీద కమాండ్లు కొట్టగలిగే మనిషి. నెట్‌వర్క్ అన్నదే కనీసం ఇద్దరు ఉంటే తప్ప పుట్టదు. దాని గురించిన రాత ఒక్కడి కోసం ఉండటం మొదటి నుంచీ ఉన్న లోపం.

రాసేవాడు పని పూర్తయ్యాక రాస్తాడు. అప్పటికి తాను తడబడిన చోట్లు మర్చిపోయి ఉంటాడు. పేజీలో గెలిచిన దారి ఒక్కటే మిగులుతుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి కొత్తగా ఎక్కించిన చాలా రకాల రూటర్లలో వైఫై ముందుగా ఆఫ్‌లో ఉంటుంది. కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి, లోపలికి వెళ్ళి ఆన్ చేసుకోవాలి. తెలిసినవాళ్ళకు ఇది చెప్పాల్సిన విషయంగా తోచదు. కొత్తగా చేసేవాళ్ళు మాత్రం ఫోన్‌లో వైఫై పేరు కనపడక రూటర్ చచ్చిపోయిందనుకుని, రిపేర్ చేయించుకోవడానికి ఎస్పీ రోడ్ దుకాణాలకు పరిగెడతారు. రూటర్ల మోడల్ పేరు కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఒకే పేరుతో వర్షన్ 2, వర్షన్ 3 అని వేర్వేరు హార్డ్‌వేర్లు వస్తాయి. ఆ నంబరు డబ్బా కింద స్టిక్కర్ మీద సన్నక్షరాల్లో ఉంటుంది. ఒకదాని సాఫ్ట్‌వేర్ ఫైలు ఇంకోదాంట్లో ఎక్కిస్తే నిజంగానే ఇటుకరాయిలా పడి ఉంటుంది. ఈ రెండు సంగతులూ పేజీ మొదట్లో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. అలా ఉండాలని రాసినవాళ్ళకు తోచాలంటే, ఒకరు వాళ్ళ ఎదురుగా కూర్చుని దెబ్బతిని ఉండాలి.

ఇక చెడిపోయినప్పటి సంగతి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే మాన్యువల్‌కీ మనుషులకీ మధ్య దూరం అసలు కనపడేది ఇక్కడే.

ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు నడిపే ఒక పీజీ ఉందనుకుందాం. నెట్ ఆగింది. వంట చేసే అక్క ఫోన్ చేసి చెప్పే మాట ఒక్కటే: “నెట్ రావట్లేదు.” మాన్యువల్ తెరిస్తే వాన్ ఇంటర్‌ఫేస్, డీఎన్ఎస్, గేట్‌వే అని శీర్షికలుంటాయి. ఆ అక్క చెప్పే మాటకీ ఆ శీర్షికలకీ మధ్య వంతెన లేదు. నిజానికి ఆమె దగ్గర సమాచారం తక్కువేమీ కాదు. ఇంకో రెండు మాటలు మర్యాదగా అడిగితే బయటికొస్తుంది. “వైఫై గుర్తు ఉంది గానీ ఏదీ తెరుచుకోవట్లేదు” అంటే ఇంట్లో రూటర్ బాగానే ఉన్నట్టు, అక్కడి నుంచి బయటికి వెళ్ళే దారిలో ఎక్కడో తెగినట్టు. “పేరే కనపడట్లేదు” అంటే రూటర్‌కి కరెంటు అందట్లేదనో, ఇప్పుడే మళ్ళీ మొదలవుతోందనో అనుకోవాలి. “వాట్సాప్‌లో మెసేజ్ పోతోంది, వీడియో దగ్గర చక్రం తిరుగుతూనే ఉంది” అంటే లింకు బతికే ఉంది గానీ సన్నబడింది. “మూడో అంతస్తులో వస్తోంది, రెండో అంతస్తులో రావట్లేదు” అంటే సగం పని ఆమే చేసిపెట్టినట్టు. మాన్యువల్‌లో శీర్షికలు ఈ వాక్యాలే కావాలి. సాంకేతిక పేర్లు వాటి కింద, కావలసినవాళ్ళ కోసం ఉండొచ్చు.

రంగుల సంగతి ఇంకా చిత్రం. రూటర్ మీద లైట్లను బట్టే సగం లోపాలు తెలుస్తాయి. ఫోన్‌లో “పచ్చ లైటు వెలుగుతోంది” అంటే ఏమని అర్థం చేసుకోవాలి? పచ్చ అంటే కొందరికి ఆకుపచ్చ, కొందరికి పసుపు. ఒక రంగు అంతా బాగుందని చెప్తే ఇంకో రంగు గొడవ ఉందని చెప్పే పెట్టె ముందు ఈ ఒక్క మాట గంటసేపు టెన్షన్ పెట్టగలదు. ఇంగ్లిష్ నుంచి తెచ్చి తెలుగులో పెట్టినంత మాత్రాన ఇది తీరదు. ఆకుపచ్చ, పసుపు అని విడివిడిగా రాయాలి, పక్కన అదే రూటర్ ఫోటో పెట్టాలి, రంగులు సరిగా కనపడనివాళ్ళ కోసం ఎడమ నుంచి ఎన్నో లైటో కూడా చెప్పాలి.

మేడ మీది యాంటెనాకు కరెంటూ డేటా రెండూ ఒకే వైరులో పంపే చిన్న డబ్బా, అంటే పీఓఈ అడాప్టర్ కూడా ఇలాంటిదే. దానికి ఒకేలా కనిపించే రెండు రంధ్రాలుంటాయి. ఒకటి యాంటెనా వైరుకి, ఇంకోటి లోపలి రూటర్‌కి. ఇల్లు దులిపినప్పుడు వైర్లు ఊడితే తిరిగి పెట్టేటప్పుడు తారుమారవడం మామూలే. ఒక రంధ్రం పక్కన ఎర్ర బొట్టుబిళ్ళ అంటించి, “మేడ మీది వైరు బొట్టు దగ్గర” అని గోడ మీద రాస్తే సరిపోతుంది. అదీ డాక్యుమెంటేషనే, పైగా అవసరం పడే చోటే ఉంటుంది.

తెలుగులో రాస్తే చాలా? బెంగళూరులో ఈ ప్రశ్నకు జవాబు తేలిగ్గా రాదు. ఇక్కడ తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో చదువుకున్నవాళ్ళు బోలెడంతమంది. వాళ్ళకు తెలుగు చెవికి దగ్గర, కంటికి దూరం. రెండు లిపులూ ఒకే మూలం నుంచి వచ్చినవే కాబట్టి కన్నడం చదివేవాళ్ళు తెలుగు అక్షరాలు చాలావరకు పోల్చుకోగలరు, కానీ రూటర్ ఆగిపోయిన రాత్రి ఎవరూ లిపి నేర్చుకోరు. మరోవైపు కర్నూలు, అనంతపురం వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ళలో చదువు అబ్బనివాళ్ళు ఉంటారు. వాచ్‌మన్‌ది ఇంకో భాష కావచ్చు. అందుకే రాతకంటే ముందు మాట రావాలి. ఆ పని చేసి చూసిన మనిషి గొంతులో రికార్డు చేసిన ఒకటిన్నర నిమిషం తెలుగు, ఒకటిన్నర నిమిషం కన్నడం, పది పేజీల పీడీఎఫ్ చేయలేని పని చేస్తాయి.

ఇది ఊహ మాత్రమే కాదు. బెంగళూరులోని జనస్తు అనే సంస్థ తుమకూరు జిల్లా దేవరాయనదుర్గ ప్రాంతంలో ఊరివాళ్ళతో కలిసి మెష్ నెట్‌వర్క్ మీద పని చేస్తోంది. చదవడం రాయడం రానివాళ్ళు కూడా తమ మాటలను దాచుకుని, వెతుక్కోగలిగేలా పాపడ్ అనే సాధనాన్ని వాళ్ళు తయారు చేశారు. రికార్డు చేసిన మాటలో కావలసిన ముక్కకు ఒక బొమ్మనో గుర్తునో తగిలించవచ్చు. వినాలనుకున్నవాళ్ళు మొత్తం వినకుండా ఆ ముక్కకే వెళ్ళొచ్చు. యాంటెనా బొమ్మ నొక్కితే యాంటెనా గురించి ఊరివాళ్ళలో ఒకరు చెప్పిన మాట వినిపించే మాన్యువల్ ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఇదొక్కటి చాలు.

భాష విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తెలుగులో రాయాలన్న పట్టుదలతో రూటర్‌కీ కేబుల్‌కీ సిగ్నల్‌కీ ఎవరూ వాడని సంస్కృత సమాసాలు కూర్చితే, ఇంగ్లిష్ గోడ పడగొట్టి అక్కడే ఇంకో గోడ కట్టినట్టవుతుంది. రూటర్‌ని రూటర్ అనే అనాలి. వాక్యం మాత్రం తెలుగు వాక్యంలా నడవాలి. “సింపుల్‌గా ఇలా చేయండి” లాంటి మాటలు కూడా తీసేయాలి. సింపుల్ అన్న పని చేతకానప్పుడు మనిషికి కలిగే చిన్నతనం ఆ మనిషిని మళ్ళీ అడగనివ్వదు.

అడగడం గురించే ఇంకొంచెం చెప్పుకోవాలి. చాలా గుంపుల్లో ప్రశ్న అడిగితే మొదట వచ్చే జవాబు “ముందు డాక్యుమెంట్ చదవండి” అని. అడిగిన మనిషి వయసులో పెద్దావిడ కావచ్చు, చెప్పేవాడు పాతికేళ్ళవాడు కావచ్చు. లేదా ఇంట్లో పని చేసే మనిషి “సార్”ని అడగాల్సి రావచ్చు. ఆమె ఒకసారి అడిగి ఊరుకుంటుంది. ఆ రోజు నుంచి నెట్ పోయినా ఆమె ఎవరికీ చెప్పదు, రూటర్ జోలికీ వెళ్ళదు. నెట్‌వర్క్‌కి రోజంతా దగ్గరలో ఉండే ఒక మనిషి అలా దూరమవుతుంది. ఆడవాళ్ళు ఈ పనిలో తక్కువ కనపడటానికి మేడ ఎక్కలేకపోవడం కారణం కాదు. బట్టలు ఆరేయడానికి రోజూ ఎక్కేది వాళ్ళే. వాళ్ళు అడిగిన ప్రశ్న పేజీలోకి ఎక్కకపోవడమే పెద్ద కారణం.

ప్రశ్న పేజీలోకి ఎక్కితే ఏమవుతుందో చూడాలంటే యాంటెనాల మధ్య చెట్టు సంగతి చూడాలి. అవతలి మేడ కంటికి కనపడితే చాలు, లింకు పడుతుంది అని కొన్ని మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. అది సగం నిజం. రేడియో తరంగం దారంలా సన్నగా సాగదు. దాని దారి మద్దెల ఆకారంలో ఉంటుంది, రెండు చివర్లా సన్నగా, మధ్యలో లావుగా. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక కిలోమీటరు దూరానికి మధ్యలో ఆ మద్దెల వ్యాసార్థం దాదాపు 5.6 మీటర్లు. కంటిచూపుకి అడ్డు రాని కొబ్బరి మట్ట కూడా దానికి అడ్డు రాగలదు, అందులోనూ వాన పడి ఆకులు తడిసినప్పుడు. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు ఇది ఫ్రెనెల్ జోన్ అనే పేరుతో తెలుసు. అయితే పోయినేడు బాగా వచ్చిన లింకు ఈ ఏడు ఎందుకు తగ్గిందో, పక్క సైటులో ఇంకో అంతస్తు ఎప్పుడు లేచిందో, చెట్టు కొమ్మలు ఎప్పుడు కొట్టారో తెలిసేది ఆ వీధిలో ఉండిపోయినవాళ్ళకే. “సార్, అవతలి మేడ కనపడుతూనే ఉందిగా, మరి ఎందుకు రావట్లేదు?” అని ఒకరు అడిగిన రోజున ఆ ప్రశ్నను, మద్దెల బొమ్మను, ఆ చెట్టు సంగతిని కలిపి రాస్తే ఆ పేజీ ఇద్దరి తెలివితో నిండుతుంది. అడిగిన మనిషి పేరు, ఒప్పుకుంటే, రచయితల వరుసలో రాయాలి.

ఇక్కడ పనిముట్ల ఇబ్బంది ఒకటుంది. మనుషులు మాట్లాడుకునేది వాట్సాప్ గ్రూపులో. అక్కడ ఫోటోలుంటాయి, వాయిస్ మెసేజ్‌లుంటాయి, పరిష్కారాలూ ఉంటాయి. కానీ వారం తిరిగేసరికి పండగ శుభాకాంక్షల కింద అన్నీ కూరుకుపోతాయి. ఎవరైనా దిద్దగలిగే వికీ పేజీలో విషయం నిలుస్తుంది గానీ, అక్కడ మనుషుల అలికిడి ఉండదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా దీనికి ఒక దారి చూపిస్తూనే ఉంది. ప్రతి వ్యాసం వెనకా ఒక చర్చా పేజీ ఉంటుంది, అందరూ కలిసి మాట్లాడుకునే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. వ్యాసం శుభ్రంగా ఉంటుంది, దాని వెనక వాదనలూ సందేహాలూ పోకుండా ఉంటాయి. నలుగురి మాటలూ కలిపితే డాక్యుమెంటేషన్ గందరగోళం అవుతుందనేవాళ్ళకు ఇదే జవాబు. కమాండ్లు ఉన్న భాగం తప్పుల్లేకుండా గట్టిగా ఉండాలి, దాని పక్కనే రచ్చబండ తెరిచి ఉండాలి. గ్రూపులో వారమంతా జరిగిన మాటల్లోంచి పనికొచ్చేవి ఏరి పేజీలో పెట్టే పని ఎవరో ఒకరు ఆదివారం పూట చేయాలి. వాయిస్ మెసేజ్ వాడే ముందు చెప్పిన మనిషిని అడగాలి. ఈ పనికి డబ్బులిచ్చే వీలుంటే ఇవ్వాలి. కేబుల్ లాగిన మనిషికి కూలి ఇచ్చి, ఏరి రాసిన మనిషి పనిని సేవగా జమకట్టడం న్యాయం కాదు.

లోపాల లెక్క రాయడానికి మాత్రం యాప్ అక్కర్లేదు. తెలుగు ఇళ్ళలో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క, గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ రాసుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. అదే క్యాలెండర్ మీద నెట్ పోయిన రోజు ఒక సున్నా, కరెంటు పోయి వచ్చిన రోజు ఒక గీత పెడితే చాలు. రెండు నెలలయ్యాక సున్నాలన్నీ గీతల పక్కనే ఉన్నాయంటే తప్పు అడాప్టర్ దగ్గరో, కరెంటు వచ్చాక రూటర్ సరిగా మొదలవకపోవడం దగ్గరో వెతకాలి. సున్నాలు వానలతో వస్తుంటే కనెక్టర్‌లోకి నీళ్ళు దిగుతున్నాయేమో చూడాలి. ఇంజినీర్ దూరంగా ఉండి పరికరం లాగ్‌లో చూడలేని సంగతి, ఆ క్యాలెండర్ ఫోటోలో కనపడుతుంది.

అన్నీ అందరికీ తెరిచి ఉంచాలని కాదు. పాస్‌వర్డ్‌లు పేజీలో ఉండకూడదు, ఎవరి ఇంట్లో ఏ పరికరం ఉందో ఇంటి నంబరుతో సహా బయటపెట్టకూడదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మేడ ఎక్కి యాంటెనా ముట్టుకోవద్దన్న మాట చర్చకు పెట్టే విషయం కాదు. బెంగళూరులో ఏప్రిల్, మే సాయంత్రాలు వచ్చే ఉరుముల వానలకు అది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. చట్టం సంగతి కూడా స్పష్టంగా రాయాలి, ఎందుకంటే బీదవాళ్ళు భయపడి దూరం జరిగేది అక్కడే. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పద్ధతిలో చిన్న కొట్టువాళ్ళు కూడా లైసెన్సు లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసుగా వైఫై ఇవ్వొచ్చు. ఇంట్లో లైనును వీధికి పంచే ముందు ఆ కనెక్షన్ షరతులు చూసుకోవాలి. ఈ రెండు ముక్కలూ చాలా మాన్యువల్స్‌లో కనపడవు.

డిజిటల్ ఎంపవర్‌మెంట్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2010లో ఇంటర్నెట్ సొసైటీతో కలిసి మొదలుపెట్టిన కార్యక్రమంలో ఊళ్ళోవాళ్ళకే శిక్షణ ఇచ్చి, వాళ్ళను బేర్‌ఫుట్ ఇంజినీర్లు అని పిలిచారు. మధ్యప్రదేశ్‌లోని చందేరీ లాంటి నేతపనివాళ్ళ ఊళ్ళలో అది నడిచింది. అక్కడ శిక్షణ పొందినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉంటారు. బెంగళూరు వీధిలో ఆ పాత్రకు సరిపోయేది ఇంటి ఓనరమ్మ, కింద కిరాణా కొట్టు నడిపేవాళ్ళు, ఇస్త్రీ బండి పెట్టుకున్నవాళ్ళు, పీజీ వంటమనిషి. లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఇక్కడ అతిథులు.

అందుకే పేజీ అడుగున “చివరిసారి మార్చిన తేదీ” అని ఉండే చోట “చివరిసారి చేసి చూసినవాళ్ళు, తేదీ” అని ఉండటం మేలు. మార్చినవాళ్ళు ఎక్కడి నుంచైనా మార్చొచ్చు, చేసి చూసినవాళ్ళు మేడ ఎక్కాలి. ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనర్ వచ్చి మీటర్ రీడింగ్ రాసుకుంటారు, పెయింటింగ్‌కి అడ్వాన్స్‌లోంచి ఎంత పట్టుకోవాలో లెక్క చూస్తారు, తాళాలు తీసుకుంటారు. ఆ లెక్కల్లో ఇంకో అరగంట కలపాలి. వెళ్ళేవాళ్ళు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. ఓనరమ్మ బొట్టుబిళ్ళ చూసుకుని వైరు తీసి పెట్టాలి, రూటర్ ఆపి మళ్ళీ వేయాలి, ఎడమ నుంచి మూడో లైటు ఆకుపచ్చకు వచ్చేదాకా ఆగాలి. ఆవిడ ఎక్కడ ఆగి “ఇప్పుడేం చేయాలి?” అని అడిగారో, వెళ్ళేవాళ్ళు అక్కడ ఒక వాక్యం చేర్చి, కింద ఆవిడ పేరూ ఆ రోజు తేదీ రాసి, అప్పుడు టెంపో ఎక్కాలి.